టెర్మినల్ యాప్ రాస్తున్నారా? ముందు కీబోర్డు సంగతి తేల్చుకోండి, బొమ్మల సంగతి తర్వాత

మాది కొండాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. కింద సంపు, పైన రెండు ట్యాంకులు. ఏప్రిల్ వచ్చిందంటే బోరు సన్నగిల్లుతుంది, మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగిలిన లోటంతా ట్యాంకర్లే తీర్చాలి. అందుకని నీటిమట్టం చూపిస్తూ, 'ఎం' కీ నొక్కితే మోటార్ వేసి ఆపే చిన్న యాప్ ఒకటి రాశాను. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, దానికి అల్ట్రాసోనిక్ సెన్సర్, దానిమీద నడిచే టెర్మినల్ యాప్, అంటే అక్షరాల తెర మీద కీబోర్డుతో నడిచే యాప్. వాచ్‌మన్ గదిలో ఉన్న కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ ద్వారా వేరే మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) మీద అది తెరుచుకుంటుంది. ఆ కంప్యూటర్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్‌కి కొన్నది. ఉబుంటు లినక్స్ 22.04, దాంతో వచ్చిన గ్నోమ్ టెర్మినల్, అంతే.

ఒక సాయంత్రం ఆఫీసులో ఉండగా వాచ్‌మన్ నుంచి ఫోన్ వచ్చింది. "మోటరు బందైత లేదు సార్, ఎం ఒత్తుతనే ఉన్న." నేను వచ్చేసరికి పై ట్యాంకు పొర్లి నీళ్లు మెట్లమీదుగా కిందికి దిగుతున్నాయి. ఆ పొద్దున డబ్బులు పెట్టి తెప్పించిన ట్యాంకర్ నీళ్లు అవి.

తప్పు ఆయనది కాదు. అదే కంప్యూటర్లో వచ్చేపోయే వాళ్ల పేర్లు తెలుగులో టైపు చేస్తాడు, భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో. పేరు రాశాక లేఅవుట్ ఇంగ్లీషుకు మార్చకుండానే నా యాప్‌లోకి వచ్చాడు. ఇన్‌స్క్రిప్ట్‌లో 'ఎం' ఉన్న చోట 'స' ఉంటుంది. నా యాప్‌కు చేరింది 'స'. నా కోడ్‌కు తెలిసింది 'ఎం' ఒక్కటే, తెలియని అక్షరం వస్తే కిక్కురుమనకుండా వదిలేసింది. ఆయన ఎన్నిసార్లు నొక్కితే అన్ని 'స'లు వచ్చి గాలిలో కలిసిపోయాయి.

టెర్మినల్ యాప్ రాయాలనుకునే వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ బొమ్మల గురించే ఉంటుంది: టెర్మినల్‌లో బొమ్మలు చూపించే పద్ధతుల్లో సిక్సెల్ మంచిదా, కిట్టీ ప్రొటోకాల్ మంచిదా అని. నేను మాత్రం కీబోర్డుతో మొదలుపెట్టమంటాను. బొమ్మ రాకపోతే తెర మీద ఖాళీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు, అక్షరాలతో గీసిన ప్రత్యామ్నాయం చూపించి గట్టెక్కవచ్చు. కీ పోతే పోయినట్టు ఎవరికీ కనిపించదు. అందుకే కీబోర్డు, బొమ్మల పద్ధతులను పోల్చే ఈ వ్యాసంలో మొదటి సగం కీబోర్డుకే ఇస్తున్నాను.

కీ నొక్కితే యాప్‌కు చేరేది కీ కాదు

1978లో వచ్చిన వీటీ100 లాంటి టెర్మినళ్లు సీరియల్ తీగ మీద బైట్లు పంపేవి. నేటి టెర్మినల్ కిటికీలు ఆ పద్ధతినే అనుకరిస్తాయి. మీరు నొక్కిన కీ ఏదో యాప్‌కు తెలియదు, దానివల్ల పుట్టిన బైట్లే తెలుస్తాయి. కంట్రోల్ పట్టుకుని అక్షరం నొక్కితే దాని కోడ్‌లో కింది ఐదు బిట్లే మిగులుతాయి. అందువల్ల కంట్రోల్-ఐ అంటే 9, ట్యాబ్ కూడా 9. కంట్రోల్-ఎం అంటే 13, ఎంటర్ కూడా 13. షిఫ్ట్-ఎంటర్‌కు విడిగా గుర్తింపు లేదు. కంట్రోల్-షిఫ్ట్-సీకి, కంట్రోల్-సీకి తేడా లేదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఎస్కేప్. దాని కోడ్ 27. పై బాణం నొక్కినా మొదట వచ్చేది ఆ 27నే, వెనకాల ఇంకో రెండు బైట్లు వస్తాయి. ఆల్ట్ నొక్కి అక్షరం కొట్టినా ముందు 27, తర్వాత అక్షరం. కాబట్టి 27 రాగానే యాప్ కాసేపు ఆగి, వెనకాల ఏమైనా వస్తుందా అని ఎదురు చూడాలి. టెర్మినల్ యాప్‌లకు వాడే ఎన్‌కర్సెస్ లైబ్రరీలో ఈ ఆగడం మామూలుగా 1000 మిల్లీసెకన్లు, అంటే నిండు సెకను. ఎస్కేప్ కొడితే మెనూ బద్ధకంగా మూసుకునే యాప్‌లన్నిటి వెనకా ఉన్నది ఇదే. దాన్ని 25కో 50కో తగ్గించవచ్చు. అయితే మరీ తగ్గించి, మెట్రోలో మొబైల్ హాట్‌స్పాట్ మీద ఎస్‌ఎస్‌హెచ్ వాడి చూడండి. బాణం గుర్తు బైట్లు విడివిడిగా చేరి, ఎస్కేప్ ఒకటి, వెనక చెత్త అక్షరాలు రెండు అన్నట్టు తయారవుతుంది. అమీర్‌పేట్ నుంచి రాయదుర్గం వెళ్లే దారిలో నాకు ఇది చాలాసార్లు ఎదురైంది. పాత పద్ధతిలోనే ఉండదలిస్తే నా సలహా 50 నుంచి 100 మధ్య.

ఇక ఈ పాత పద్ధతికి బదులు ఏమున్నాయి?

ఎక్స్‌టర్మ్ అనే పాత టెర్మినల్ తెచ్చిన మాడిఫై-అదర్-కీస్ ఒకటి. కంట్రోల్, షిఫ్ట్ కలిసిన కీలకు విడి కోడ్‌లు ఇస్తుంది. దాని పక్కనే 'సీఎస్‌ఐ-యు' అనే రాత పద్ధతి వచ్చింది: కీ నంబరు, సెమీకోలన్, ఏ మాడిఫైయర్లు (కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ లాంటివి) నొక్కారో చెప్పే నంబరు, చివర 'యు' అక్షరం. కంట్రోల్-ఐని ట్యాబ్ నుంచి విడదీయడానికి ఇవి చాలు. కీ వదిలినప్పుడు మాత్రం ఇవి ఏమీ చెప్పవు, లేఅవుట్ సమస్యనూ తీర్చవు.

కిట్టీ కీబోర్డ్ ప్రొటోకాల్ ఈ పునాది మీద కట్టిన పూర్తి ఇల్లు. కిట్టీ టెర్మినల్ రాసిన కోవిద్ గోయల్ దీన్ని రూపొందించారు, ఈ-పుస్తకాల వాళ్లకు బాగా తెలిసిన కాలిబర్ కూడా ఆయనదే. ఇందులో నాకు నచ్చేది, కావలసినంతే అడిగే వీలు. ఐదు జెండాలున్నాయి, కావలసినవి కలిపి ఆ మొత్తాన్ని టెర్మినల్‌కు పంపుతాం. 1 అంటే ఎస్కేప్ లాంటి గందరగోళాలు తీర్చు అని. 2 అంటే కీ నొక్కింది, నొక్కి పట్టింది, వదిలింది వేరువేరుగా చెప్పు అని. 4 అంటే ప్రత్యామ్నాయ కీలు కూడా చెప్పు. 8 అంటే మామూలు అక్షరాలతో సహా అన్నిటినీ ఎస్కేప్ కోడ్‌గానే పంపు. 16 అంటే ఆ కీవల్ల పుట్టిన అక్షరాన్ని కూడా జత చెయ్యి.

మన భాషల వాళ్లకు అసలు విలువైనది 4. తెలుగు లేఅవుట్‌లో ఉండి కంట్రోల్-సీ కొట్టామనుకోండి. ఇన్‌స్క్రిప్ట్‌లో 'సీ' చోట 'మ' ఉంటుంది, దాని యూనికోడ్ సంఖ్య 3118. ఈ జెండా ఉంటే టెర్మినల్ పంపేది 3118::99;5 అనే వరుస. 'మ' అక్షరం పుట్టింది, కానీ మామూలు ఇంగ్లీషు కీబోర్డు మీద ఆ చోట ఉన్నది 99, అంటే 'సీ', దాంతోపాటు కంట్రోల్ నొక్కి ఉంది అని అర్థం. యాప్ రెండూ చూసుకుని షార్ట్‌కట్‌ను సరిగా పట్టుకోగలదు. తెలుగులో రాస్తూ రాస్తూ, లేఅవుట్ మార్చకుండానే సేవ్ చేయడం, కాపీ చేయడం కుదురుతుంది. రష్యన్, గ్రీకు వాళ్లకు ఎంత అవసరమో మనకూ అంతే అవసరం. అయినా తెలుగులో దీని గురించి ఎవరూ రాయడం నేను చూడలేదు.

ఒక మెలిక ఉంది. 1, 4 కలిపి 5 అడిగితే కంట్రోల్, ఆల్ట్ కలిసిన కీలకే ఈ వివరం వస్తుంది. ఒంటి అక్షరం నొక్కితే మామూలు అక్షరంగానే చేరుతుంది. అంటే మా మోటార్ సమస్య 5తో తీరదు, అక్కడ 'స' ఒక్కటే వస్తుంది. ఒంటి అక్షరాలకూ కావాలంటే 8, 16 కూడా కలిపి 29 అడగాలి. అప్పుడు ప్రతి కీ కోడ్‌గానే వస్తుంది కాబట్టి టెక్స్ట్ పెట్టెల్లోకి అక్షరాలు చేర్చే పని మీ కోడ్ మీద పడుతుంది.

రెండో మెలిక ఐబస్, అంటే లినక్స్‌లో రకరకాల భాషల టైపింగ్ చూసుకునే ప్రోగ్రాం. తెలుగు లేఅవుట్‌ను నేరుగా సిస్టమ్ కీబోర్డ్ సెట్టింగ్‌లో పెట్టుకుంటే పై కథంతా నిజం. ఐబస్ ద్వారా ఎం17ఎన్ అనే బహుభాషా టైపింగ్ పద్ధతుల్లో టైపు చేసే వాళ్లకు కీని ముందు ఐబస్ తీసుకుంటుంది, టెర్మినల్‌కు అందేది తయారైన అక్షరమే. అక్కడ ఏ ప్రొటోకాల్ ఉన్నా అసలు కీ ఏదో తెలియదు.

అందుకే మా యాప్‌కు నేను చివరికి వేసిన మందు చాలా సాదాది. కీ పట్టికలో 'ఎం' పక్కన 'స' కూడా చేర్చాను. నిష్క్రమించే 'క్యూ' పక్కన ఔత్వం గుర్తు చేర్చాను, ఎందుకంటే ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ చోట పడేది అదే. విమ్ ఎడిటర్ అలవాటున్న వాళ్లు కిందికీ పైకీ వెళ్లడానికి వాడే జె, కెలకు ర, క. ఏ టెర్మినల్ అయినా, ఐబస్ ఉన్నా లేకపోయినా, మధ్యలో ఏమున్నా ఇది పనిచేస్తుంది. పది నిమిషాల పని. దాంతోపాటు, తెలియని కీ వస్తే కింది వరుసలో 'ఈ కీకి పని లేదు' అని ఆ అక్షరంతో సహా చూపిస్తున్నాను. ఆ ఒక్క వరుస మొదటి రోజే ఉంటే ట్యాంకర్ నీళ్లు మిగిలేవి.

విండోస్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. అక్కడి కన్సోల్ మొదటి నుంచీ కీ నొక్కడం, వదలడం రెండూ చెబుతుంది. రస్ట్ భాషలో క్రాస్‌టర్మ్ లైబ్రరీ వాడే వాళ్లు లినక్స్‌లో రాసి విండోస్‌లో నడిపితే ప్రతి కీ రెండుసార్లు పడినట్టు కనిపించేది అందుకే. ఈవెంట్ 'నొక్కడం' రకమా కాదా అని ఒక షరతు పెడితే సరిపోతుంది. ఇక లినక్స్‌లో కీబోర్డు డివైస్ ఫైలునే నేరుగా చదివే దారి ఒకటుంది, ఆటలు రాసే వాళ్లు ఆశపడతారు. దానికి ప్రత్యేక అనుమతి కావాలి, ఎస్‌ఎస్‌హెచ్ అవతల పనిచేయదు, వేరే కిటికీలో కొట్టిన పాస్‌వర్డ్ కూడా మీ యాప్‌కు వినిపిస్తుంది. ఆ దారి వద్దు.

ఉందో లేదో అడిగి తెలుసుకోండి

టెర్మినల్ పేరు చూసి ఊహించే కోడ్ రాయకండి. ప్రశ్న పంపితే టెర్మినలే చెబుతుంది. కిట్టీ కీబోర్డు ప్రశ్న పంపి, వెంటనే 'నువ్వెవరు' అనే పాత ప్రశ్న కూడా పంపాలి. రెండోదానికి దాదాపు ప్రతి టెర్మినల్ జవాబిస్తుంది. మొదటి జవాబు రాకుండానే రెండోది వచ్చిందంటే ఆ సౌకర్యం లేదన్నట్టే. అనవసరంగా ఎదురు చూడనక్కర్లేదు. ఆ రెండో జవాబులోని నంబర్లలో 4 ఉంటే సిక్సెల్ ఉన్నట్టు. కిట్టీ బొమ్మల ప్రొటోకాల్‌కూ ఇదే కిటుకు.

అడిగి తెచ్చుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం కూడా మన బాధ్యత. యాప్ మధ్యలో కూలిపోయి కీబోర్డు మోడ్ అలాగే ఉండిపోతే, తర్వాత షెల్‌లో (ఆదేశాలు టైపు చేసే చోట) కంట్రోల్-సీ కొట్టినా 99;5 లాంటి తోక ముక్కలు తెర మీద పడుతుంటాయి. వాచ్‌మన్ గదిలో అలా జరిగితే దాన్ని బాగు చేసేవాళ్లు ఎవరూ ఉండరు. కిట్టీ పద్ధతిలో కీబోర్డు మోడ్‌లను గుర్తుంచుకునే దొంతర (స్టాక్) మామూలు తెరకు ఒకటి, నడిచినంతసేపూ యాప్ వాడుకునే ప్రత్యామ్నాయ తెరకు ఇంకొకటి విడివిడిగా ఉంటాయి. కాబట్టి ముందు ప్రత్యామ్నాయ తెరలోకి వెళ్లి, ఆ తర్వాతే కీబోర్డు మోడ్ అడగండి. వచ్చేటప్పుడు ముందు మోడ్ వెనక్కిచ్చి, తర్వాత తెర వదలండి. ఈ వరుస పాటిస్తే, కూలిపోయే దారిలో కనీసం తెర మార్చే ఒక్క ఆదేశం వెళ్లినా షెల్ క్షేమంగా ఉంటుంది.

బ్రాకెటెడ్ పేస్ట్ (పేస్ట్ చేసినదాని మొదట్లో, చివర్లో గుర్తులు పెట్టే సౌకర్యం) కూడా తప్పకుండా ఆన్ చేయండి. అది లేకపోతే ఎవరైనా వాట్సాప్ నుంచి కాపీ చేసిన పేరా మీ యాప్‌లో పడేసినప్పుడు, అందులోని ప్రతి అక్షరమూ ఒక కీ నొక్కినట్టే అవుతుంది. మోటార్ వేసే కీ ఉన్న యాప్‌లో అది ప్రమాదం.

బొమ్మలకు: అక్షరాలతోనా, పిక్సెళ్లతోనా

80 నిలువు వరుసలు, 24 అడ్డు వరుసలు ఉన్న తెర తీసుకుందాం. ఒక్కో గడి (ఒక అక్షరం పట్టే చోటు) 10 పిక్సెళ్ల వెడల్పు, 20 పిక్సెళ్ల ఎత్తు అనుకుంటే మొత్తం 800 బై 480. దీనిమీద ఒకే గ్రాఫును రకరకాలుగా వేస్తే ఏం జరుగుతుందో లెక్క కట్టి చూశాను.

సగం గడి నింపే ▀ అక్షరంతో వేస్తే గడికి రెండు చుక్కలు, పై సగానికి ఒక రంగు, కింది సగానికి ఒక రంగు. మొత్తం 80 బై 48. ప్రతి గడికీ పూర్తి 24 బిట్ రంగులు రెండూ పంపితే గరిష్ఠంగా 39 బైట్లు, తెరంతా కలిపి 75 వేల బైట్లలోపు. ఫోటో లాంటిదాన్ని మసకగానైనా చూపించడానికి ఇది బాగుంటుంది.

బ్రెయిలీ అక్షరాలతో వేస్తే గడికి ఎనిమిది చుక్కలు, రెండు నిలువుగా నాలుగేసి. మొత్తం 160 బై 96. రంగు గడికి ఒక్కటే. రంగులు మార్చకపోతే తెరంతా 5,760 బైట్లే. గీతల గ్రాఫులకు దీన్ని మించింది లేదని నా నమ్మకం. నీటిమట్టం 24 గంటల్లో ఎలా పెరిగి తరిగిందో చూపించే గీత మా యాప్‌లో బ్రెయిలీతోనే ఉంది. ఫాంటు సంగతి మాత్రం చూసుకోవాలి. కొన్ని ఫాంట్లలో ఖాళీ చుక్కల చోట కూడా చిన్న సున్నాలు కనిపిస్తాయి, అప్పుడు గ్రాఫంతా పొక్కినట్టు ఉంటుంది.

2020లో యూనికోడ్ 13తో గడిని ఆరు భాగాలు చేసే అక్షరాలు, 2024లో యూనికోడ్ 16తో ఎనిమిది భాగాలు చేసేవి వచ్చాయి. చుక్కల మధ్య సందు లేకుండా నిండుగా కనిపిస్తాయి. టెర్మినల్ వాటిని తానే గీసుకోగలిగితే అద్భుతం, ఫాంటు మీద ఆధారపడితే డబ్బాలు మిగులుతాయి.

అసలు పిక్సెళ్లు కావాలంటే మూడు దారులు.

సిక్సెల్ 1980ల నాటి డెక్ కంపెనీ పద్ధతి. నిలువుగా ఆరు పిక్సెళ్లను ఒక అక్షరంగా మారుస్తుంది. ఆరు బిట్లకు 64 కలయికలు కదా, వాటికి 63 నుంచి 126 వరకు ఉన్న ఆస్కీ అక్షరాలు సరిగ్గా సరిపోతాయి. మన 480 పిక్సెళ్ల ఎత్తు 80 పట్టీలుగా విడిపోతుంది. ప్రతి పట్టీలో ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఆ పట్టీ మీదుగా వెళ్లాలి, అందుకే రంగులు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. పాలెట్ మామూలుగా 256 రంగులు. దీని బలం వ్యాప్తి, చాలా టెర్మినళ్లలో ఉంది: ఎక్స్‌టర్మ్, ఎంఎల్‌టర్మ్, ఫుట్, వెజ్‌టర్మ్, ఐటర్మ్2, కాన్సోల్, విండోస్ టెర్మినల్ 1.22 నుంచి. దీని బలహీనత జ్ఞాపకం లేకపోవడం. ఒకసారి గీశాక ఆ బొమ్మకు పేరు లేదు, నంబరు లేదు. దాని మీద అక్షరం పడితే ఆ ముక్క చెరిగిపోతుంది. మళ్లీ కావాలంటే మొత్తం మళ్లీ పంపాలి. చివరి వరుసను తాకేలా గీస్తే తెర పైకి జరిగిపోవడం ఇంకో తలనొప్పి.

కిట్టీ గ్రాఫిక్స్ ప్రొటోకాల్ దీనికి పూర్తి విరుద్ధం. బొమ్మను ఒకసారి పంపి దానికి నంబరు ఇస్తాం. తర్వాత ఆ నంబరు చెప్పి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టవచ్చు, అక్షరాల వెనక పెట్టవచ్చు, తీసేయవచ్చు, ఒక్కోదానికి కొన్ని పదుల బైట్లే ఖర్చు. ట్యాంకు బొమ్మ ఒకసారి పంపి, నీలిరంగు నీటి పలకను మాత్రం పైకీ కిందికీ జరపడం దీంతో హాయిగా కుదురుతుంది. మొదటి పంపకంలోనే జాగ్రత్త పడాలి. 800 బై 480 బొమ్మను ముడి పిక్సెళ్లుగా, పారదర్శకతతో కలిపి పంపితే 15,36,000 బైట్లు, బేస్64లోకి (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) మారిస్తే 20,48,000. ముక్క 4,096 బైట్లకు మించకూడదు కాబట్టి సరిగ్గా 500 ముక్కలు. అదే బొమ్మను పీఎన్‌జీగా పంపితే, గ్రాఫు లాంటి చదునైన రంగుల బొమ్మకు అందులో చిన్న వంతు చాలు. ఫైలు దారి మాత్రమే పంపే సౌకర్యమూ ఉంది. ఆ దారి టెర్మినల్ నడుస్తున్న మెషీన్‌ది అని మరిచిపోవద్దు. ఎస్‌ఎస్‌హెచ్ అవతల ఉన్న ఫైలు దానికి కనిపించదు. కిట్టీలో ఇది పూర్తిగా, ఘోస్టీలో చాలావరకు ఉంది, వెజ్‌టర్మ్, కాన్సోల్‌లలో కొంతవరకు.

ఐటర్మ్2 పద్ధతి మూడోది. పీఎన్‌జీ, జేపెగ్, జిఫ్ ఏదైనా ఫైలును ఉన్నది ఉన్నట్టు బేస్64 చేసి పంపేస్తాం. రాయడం అన్నిటికన్నా తేలిక. మాక్ వాడే సహోద్యోగులకు ఒక స్క్రిప్టు చివర చార్టు చూపించాలంటే చాలు. క్షణక్షణం మారే తెరకు మాత్రం ఎంచుకోను.

తెర తిరగరాసేటప్పుడు మిణుకుమనకుండా ఉండాలంటే సింక్రనైజ్డ్ అవుట్‌పుట్ అనే మోడ్ 2026 వాడండి. మొదలు, చివర రెండు చిన్న ఆదేశాలు, మధ్యలో గీసిందంతా ఒక్కసారిగా కనిపిస్తుంది. తెలియని టెర్మినళ్లు దాన్ని పట్టించుకోవు, కాబట్టి నష్టం లేదు.

టీమక్స్ మధ్యలో కూర్చుంటే

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునే వాళ్లలో చాలామంది రోజంతా టీమక్స్‌లోనే (ఒకే టెర్మినల్‌లో చాలా సెషన్లు నడిపే ప్రోగ్రాం) ఉంటారు. మీ యాప్ అక్కడ నడుస్తుందంటే పైన చెప్పిన లెక్కలు మారతాయి, ఎందుకంటే మీ యాప్ మాట్లాడేది టీమక్స్‌తో, అసలు టెర్మినల్‌తో కాదు. సిక్సెల్ 3.4 వెర్షన్ నుంచి వచ్చింది, అదీ కంపైల్ చేసేటప్పుడు అడిగితేనే. ఉబుంటు 22.04లో ఉన్నది 3.2ఏ. కిట్టీ బొమ్మలకు పాస్‌త్రూ (వచ్చిన కోడ్‌ను అసలు టెర్మినల్‌కు అలాగే పంపే) సెట్టింగ్ ఆన్ చేసి, యూనికోడ్ ప్లేస్‌హోల్డర్ పద్ధతి వాడాలి. అందులో బొమ్మ ఉండాల్సిన గడుల్లో ఒక ప్రత్యేక అక్షరం నింపుతాం, టీమక్స్ దాన్ని మామూలు అక్షరంగా భావించి జరుపుతుంది, అసలు టెర్మినల్ ఆ చోట బొమ్మ వేస్తుంది. తెలివైన ఏర్పాటు. కీబోర్డుకైతే ఎక్స్‌టెండెడ్-కీస్ సెట్టింగ్ ఆన్ చేయాలి. ఎస్కేప్ ఆలస్యం టీమక్స్‌కు విడిగా ఉంటుంది, పాత వెర్షన్లలో అది 500 మిల్లీసెకన్లు. మీ యాప్‌ను 50కి తగ్గించి, ఇంకా నెమ్మదిగా ఉందే అనుకునే ముందు దాన్ని చూడండి.

సర్వర్ల వాళ్ల కోసం రాసే యాప్‌కు నేను పిక్సెళ్ల జోలికి వెళ్లను. బ్రెయిలీ, గడుల అక్షరాలు, 256 రంగులు. కీబోర్డు షార్ట్‌కట్‌లు ఒంటి అక్షరాలుగా, కంట్రోల్ కలిసిన సురక్షితమైన కొన్నిటిగా. షిఫ్ట్-ఎంటర్‌కు ఏదైనా పని ఇచ్చినా అదే పనికి ఇంకో దారి తప్పకుండా ఉంచుతాను.

తెలుగు అక్షరమే బొమ్మ కావలసి వస్తే

టెర్మినల్ ప్రపంచం గడులదని చెప్పుకున్నాం. తెలుగు గడుల్లో ఇమడదు. 'తెలుగు' అనే మాటలో ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి: త, ఎత్వం, ల, ఉకారం, గ, ఉకారం. యూనికోడ్ లెక్కలో ఎత్వం చోటు తీసుకోని గుర్తు, ఉకారం చోటు తీసుకునే గుర్తు. దాన్ని అక్షరార్థంగా పాటించే లైబ్రరీ ఈ మాట వెడల్పు ఐదు గడులంటుంది. గుర్తులన్నిటినీ సున్నాగా లెక్కించేది మూడంటుంది. మీ యాప్ ఐదనుకుని, టెర్మినల్ మూడనుకుంటే ఆ వరుసలో పక్కనున్న గీతలన్నీ రెండు గడులు జరిగిపోతాయి. 2023లో యూనికోడ్ 15.1 వచ్చాక 'క్ష' లాంటి సంయుక్తాక్షరాన్ని ఒకే గుంపుగా చూసే నియమం తెలుగుకూ వర్తించింది. టెర్మినళ్లు, లైబ్రరీలు అన్నీ ఒకే మాట మీదికి రావడానికి ఇంకా సమయం పడుతుంది.

నేను చేసిన ఏర్పాటు చెబుతాను. తెలుగు మాటను ఎప్పుడూ ఆ వరుసలో చివర ఉంచుతాను, దాని కుడివైపు ఏ గీతా, ఏ అంకే ఉండదు. 'పై ట్యాంకు' అన్న పేరు వరుస చివర, శాతం వరుస మొదట్లో. పేరు ఎంత జరిగినా అంకె చెదరదు. పెద్ద శీర్షికలు అందంగా కావాలనుకున్న చోట, ఆ మాటను యాప్‌లోనే బొమ్మగా మార్చి కిట్టీ ప్రొటోకాల్ మీద పంపితే ఒత్తులు, గుణింతాలు అచ్చు పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా వస్తాయి. బొమ్మల ప్రొటోకాల్ నాకు నిజంగా ఉపయోగపడిందంటే ఇక్కడే. కాకపోతే అంకెలను మాత్రం బొమ్మలో దాచకండి. స్క్రీన్ రీడర్ బొమ్మను చదవలేదు, ఎవరూ దాన్ని కాపీ చేసుకోలేరు.

ఏ లైబ్రరీ, ఎవరికి

అమీర్‌పేట్‌లో కోర్సు చేస్తూ మొదటి ప్రాజెక్టు కోసం వెతుకుతున్న విద్యార్థికి పైథాన్‌లో టెక్స్‌చువల్ చెబుతాను. రెండు సాయంత్రాల్లో చూపించదగ్గది తయారవుతుంది, కిట్టీ కీబోర్డును ఉన్న చోట అదే వాడుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న మెషీన్ మీద నెలల తరబడి ఆగకుండా నడవాల్సిన దానికి రస్ట్‌లో రాటటూయి, క్రాస్‌టర్మ్ జంట. కీబోర్డు జెండాలను చేతితో అడిగే వీలు క్రాస్‌టర్మ్‌లో ఉంది. బొమ్మలకు రాటటూయి-ఇమేజ్ చేర్చుకుంటే సిక్సెల్, కిట్టీ, ఐటర్మ్2లలో ఏది ఉంటే అది, ఏదీ లేకపోతే సగం గడుల అక్షరాలు, తనే చూసుకుంటుంది. గోలో పనిచేసే వాళ్లకు బబుల్ టీ. సీలో రాయక తప్పదనుకునే వాళ్లలో, ఎక్కడైనా నడవాలంటే ఎన్‌కర్సెస్, తెర మీద గొప్పగా కనిపించాలంటే నాట్‌కర్సెస్.

టెర్మినల్‌లో ఆట రాయాలనుకునే వాళ్లకు మాత్రం నా సలహా తిరగబడుతుంది. కీ వదిలిన సంగతి తెలియకుండా ఆటలో మనిషిని పరిగెత్తించి ఆపలేరు. అక్కడ కిట్టీ కీబోర్డు తప్పనిసరి అని మొదటి తెర మీదే చెప్పేయండి, లేని టెర్మినల్‌లో నడవదని మర్యాదగా చెప్పి ఆపేయండి. సగం సగం నడిపితే ఆడేవాళ్లకే చిరాకు.

మా అపార్ట్‌మెంట్ యాప్‌లో ఇప్పుడున్నది ఇది: రాటటూయి, బ్రెయిలీ గీత, కీ పట్టికలో ఇంగ్లీషూ ఇన్‌స్క్రిప్టూ రెండూ, తెలియని కీకి కింది వరుసలో సమాధానం. కిట్టీ కీబోర్డు ప్రశ్న వెళుతుంది, వాచ్‌మన్ గదిలోని గ్నోమ్ టెర్మినల్ దానికి జవాబివ్వదు, యాప్ పాత పద్ధతిలో సాగిపోతుంది. నా ల్యాప్‌టాప్‌లో ఫుట్ టెర్మినల్ నుంచి తెరిస్తే జవాబు వస్తుంది, ఎస్కేప్ తక్షణం పడుతుంది. మోటార్ కీ పక్కన తెర మీద 'ఎం / స' అని రాసి ఉంటుంది. దాన్ని మొదటిసారి చూసిన రోజు ఆయన అడిగింది ఒక్కటే: "గేటు లైటుకు గూడ ఇట్లనే తెలుగుది పెట్టు సార్." ఎల్ కీ చోట 'త' చేర్చాను.